కెమెరాలు పెట్టినా చెత్త పారబోత ఆగదేం?

ప్రశ్న: ఖాళీ స్థలాల్లో రాత్రిపూట లారీలతో చెత్త, కూల్చిన ఇళ్ల శిథిలాలు పోసి పోతున్నారు. ప్రభుత్వాలు జరిమానాలు వేస్తున్నాయి, కెమెరాలు పెడుతున్నాయి. అయినా ఎందుకు ఆగట్లేదు?

జవాబు: ఎందుకంటే అది లాభసాటి బేరం కాబట్టి. చెత్తను పద్ధతిగా వదిలించుకోవాలంటే రుసుము కట్టాలి, దూరం తీసుకెళ్లాలి, దొంగచాటుగా పోస్తే ఆ ఖర్చంతా మిగులు, పట్టుబడితే కట్టే జరిమానా ఆ మిగులు కంటే తక్కువైతే దాన్ని కూడా వ్యాపార ఖర్చుల్లో రాసేసుకుంటారు! కెమెరా పెడితే ఆ మలుపు వదిలేసి ఇంకో మలుపు చూసుకుంటారు, అంతే.

నా లెక్కలో గట్టిగా పనిచేసేది చెత్త ఎవరిదో వాళ్లనీ బాధ్యుల్ని చేయడం. బ్రిటన్‌లో 1990 నాటి చట్టం ప్రకారం వ్యాపార సంస్థ తన చెత్తను అనుమతి ఉన్నవాళ్లకే అప్పగించాలి, కాగితాలూ ఉంచుకోవాలి. 'లారీవాడికి ఇచ్చేశాం, మాకేం తెలుసు' అంటే కుదరదు. వాహనం జప్తు చేస్తే ఇంకా భయం, లారీ పోతే బతుకుతెరువే పోతుంది కదా.

దేశాల మధ్యా ఇదే కథ. 1988లో ఇటలీ నుంచి వచ్చిన విషవ్యర్థాలు నైజీరియాలోని కోకో అనే ఊళ్లో బయటపడ్డాయి. 1989లో బాసెల్ ఒప్పందం కుదిరింది: ప్రమాదకర వ్యర్థాలు పంపాలంటే తీసుకునే దేశం ముందే ఒప్పుకోవాలి. 2021 నుంచి కలగాపులగం ప్లాస్టిక్ చెత్తలో చాలావాటికీ ఇదే నిబంధన.

అన్నట్టు, పోసిన కుప్పను త్వరగా ఎత్తేయాలి, లేకపోతే దాని పక్కనే ఇంకో నాలుగు లేస్తాయి.