ఏడుపు రాని నర్సు ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. బీఎస్సీ నర్సింగ్ చేసి, రెండున్నరేళ్లుగా హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తున్నాను మేడమ్. మొదట్లో పేషెంటు చనిపోతే హాస్టల్‌కి వచ్చి అన్నం తినలేకపోయేదాన్ని. ఇప్పుడు ఏమీ అనిపించడం లేదు. పోయిన నెల ఒకావిడ భర్త పోయి ఏడుస్తుంటే, బెడ్ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తూ నిలబడ్డాను. తర్వాత నా మీద నాకే భయమేసింది. నాన్న బ్యాంక్ పరీక్షలు రాయమంటున్నారు. మానేయమంటారా?

జవాబు: నువ్వు రాతిమనిషివి అయిపోలేదమ్మా. నీకు జరిగినదానికి పేరుంది. 1992లో కార్లా జాయిన్సన్ అనే అమెరికన్ నర్సు దీన్ని కంపాషన్ ఫెటీగ్ అంది. రోజూ ఇంకొకరి బాధ మోసీ మోసీ జాలిపడే శక్తే అలసిపోవడం. పేషెంట్లను సొంతవాళ్లలా చూసుకునే పిల్లలకే ఇది ఎక్కువగా రావడం నేను చూశాను. అన్నం మానేసిన ఆ మొదటి రోజుల నువ్వే దానికి సాక్ష్యం.

అయితే ఇందులో పని భారం ఎంతో కూడా చూడు. ఐసీయూలో ఒక్కో పేషెంటుకి ఒక్కో నర్సు ఉండాలన్నది లెక్క. నీకు షిఫ్టుకి ఎంతమందిని అప్పగిస్తున్నారు? ముగ్గురిని చూస్తున్నామని చెప్పే పిల్లలు నా దగ్గరికి చాలామంది వస్తారు. ముగ్గురి మందులు, చార్టులు, సక్షన్లు చూసుకుంటూ నాలుగో మనిషి కన్నీళ్ల దగ్గర ఆగే తీరిక ఎవరికి ఉంటుంది? అది నీ గుణంలో లోపమని నేను ఒప్పుకోను.

ప్రోక్వాల్ అనే ప్రశ్నావళి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. గత 30 రోజుల గురించి 30 ప్రశ్నలు. సేవలో దొరికే తృప్తి, బర్నవుట్ (పని ఒత్తిడితో పూర్తిగా డీలా పడిపోవడం), ఇతరుల బాధ చూసి మనకు తగిలే దెబ్బ, ఈ మూడింటికీ వేర్వేరుగా మార్కులు వస్తాయి. నైట్ డ్యూటీల వారంలో కాకుండా, రెండు రోజులు నిద్రపోయాక చెయ్యి. అది జబ్బుని తేల్చే పరీక్ష కాదు, నీ పరిస్థితి నీకు తెలియడానికే. తృప్తి మార్కు ఇంకా బాగానే ఉంటే నర్సింగ్ వదలకు, వార్డు మార్చుకో. ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో కాకపోతే నేరుగా నర్సింగ్ సూపరింటెండెంట్‌తో మాట్లాడి, ఆరు నెలలు లేబర్ రూమ్ కానీ ఓపీ కానీ అడుగు. నీ చేతుల మీదుగా బాగై నడిచి ఇంటికెళ్లే మనుషుల్ని చూసి నీకు చాలా రోజులై ఉంటుంది.

నాన్నగారి మాట కొట్టిపారేయను. ఆయన బాధ జీతం గురించి కూడా అనుకుంటా. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రుల్లో కూడా నర్సు జీతం నెలకు 20,000కి తగ్గకూడదని సిఫారసు చేసింది. చాలాచోట్ల అమలు కాలేదు. కానీ బ్యాంక్ పరీక్షకి పెట్టే కష్టమే నర్సుల పోటీ పరీక్ష నార్సెట్‌కి పెడితే ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసర్‌గా చేరవచ్చు, మూల వేతనం 44,900. నాన్నగారికి ఈ అంకె చూపించు. పల్లె దవాఖానాల్లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులకీ బీఎస్సీ నర్సింగ్ వాళ్లని తీసుకుంటున్నారు. కాంట్రాక్టు ఉద్యోగమే, కానీ నైట్లు ఉండవు.

వార్డు మారినా మూడు నాలుగు నెలల్లో ఏ మార్పూ లేకపోతే, అప్పుడు వేరే రంగానికి వెళ్లు. నేను అడ్డు చెప్పను. నిద్ర పట్టకపోయినా, చనిపోయినవాళ్లే కళ్లముందు మెదులుతున్నా అంతవరకూ ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఈరోజే ఫోన్ చెయ్యి. తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

ఏ దారి పట్టినా కోపంలో ఉన్నపళంగా మానేయకు. నోటీసు పీరియడ్ పూర్తిచేసి, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికి తీసుకున్నాకే హాస్టల్ ఖాళీ చెయ్యి. ఐసీయూలో రెండున్నరేళ్ల అనుభవం ఎక్కడ అప్లై చేసినా అడుగుతారు.