నిఘా సాఫ్ట్‌వేర్ సంస్థపై అమెరికా ఆంక్షలు: దాని అనుబంధ సంస్థలో పని ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: నేను గ్రీన్ కార్డుతో అమెరికాలో ఉంటున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరును. ఐరోపాలోని ఒక సంస్థ ఇంటి నుంచే చేసే కాంట్రాక్టు పని ఇస్తానంటోంది. నమూనాగా చిన్న పని చేసి పంపితే కొంత సొమ్ము కూడా చెల్లించింది. దాని మాతృసంస్థ స్పైవేర్ (ఫోన్లలోకి దొంగచాటుగా చొరబడే నిఘా సాఫ్ట్‌వేర్) అమ్ముతుందని, అమెరికా దానిపై ఆంక్షలు పెట్టిందని ఇప్పుడు తెలిసింది. నాకు పని ఇచ్చే సంస్థ పేరు మాత్రం జాబితాలో లేదు. కొనసాగవచ్చా? వద్దనుకుంటే డబ్బు తిరిగి పంపేస్తే సరిపోతుందా?

జవాబు: జాబితాలో పేరు లేదన్న ఒక్క కారణంతో మీరు ముందుకు వెళ్లకూడదు. స్పైవేర్ వ్యాపారంపై అమెరికా ప్రధానంగా రెండు జాబితాలను ప్రయోగిస్తోంది. మాతృసంస్థ ఏ జాబితాలో ఉందన్నది ముందుగా తేల్చుకోవాలి.

మొదటిది వాణిజ్య శాఖ నిర్వహించే ఎంటిటీ లిస్ట్. ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్‌ఎస్‌ఓ గ్రూప్, కాండిరు సంస్థలను 2021 నవంబరులో ఇందులోనే చేర్చారు. ఇది ఆస్తులను స్తంభింపజేయదు, జీతం తీసుకోవడాన్ని నేరుగా నిషేధించదు. అమెరికా సాఫ్ట్‌వేర్, సాంకేతికత లైసెన్సు లేకుండా ఆ సంస్థలకు చేరకుండా అడ్డుకుంటుంది. అయితే అమెరికాలో కూర్చుని మీరు రాసిన కోడును విదేశానికి పంపడం కూడా చట్టం దృష్టిలో ఎగుమతి కాగలదు కనుక, వస్తువులేవీ పంపడం లేదు కదా అన్న ధీమా పనికిరాదు. ఈ జాబితాలోని సంస్థలకు 50 శాతం లేదా అంతకు మించి వాటా ఉన్న అనుబంధ సంస్థలకూ ఇదే నియంత్రణ వర్తిస్తుందని ఆ శాఖ 2025 సెప్టెంబరులో ఒక నిబంధన తెచ్చి, నవంబరులో దాన్ని ఏడాదిపాటు నిలిపివేసింది.

రెండోది ట్రెజరీ (ఆర్థిక) శాఖలో ఆంక్షలను అమలు చేసే విభాగమైన ఓఫాక్ నిర్వహించే ఎస్‌డీఎన్ జాబితా, అంటే ఆస్తులు స్తంభింపజేసిన వ్యక్తుల, సంస్థల పట్టిక. మీరు నిజంగా భయపడవలసింది దీనికే. ప్రిడేటర్ స్పైవేర్‌కు సంబంధించిన ఇంటెలెక్సా కూటమిని, దాని స్థాపకుడు తల్ దిలియాన్‌ను 2024 మార్చిలో ఇందులో చేర్చారు. అమెరికా అధికారులను, పాత్రికేయులను కూడా ఆ స్పైవేర్‌తో లక్ష్యంగా చేసుకున్నారని ట్రెజరీ శాఖ అప్పట్లో ప్రకటించింది. ఈ జాబితాలోని వారికి సేవలు అందించడం, వారి నుంచి సేవలు పొందడం, వారి సొమ్ముతో లావాదేవీ జరపడం చట్టం ‘అమెరికా వ్యక్తులు’గా నిర్వచించినవారందరికీ నిషిద్ధం. గ్రీన్ కార్డు ఉన్న మీరు ఏ దేశంలో ఉన్నా ఆ నిర్వచనంలోకే వస్తారు. అంతేకాక, జాబితాలోని వ్యక్తులకు, సంస్థలకు కలిపి 50 శాతం లేదా అంతకంటే ఎక్కువ వాటా ఉన్న ఏ సంస్థ అయినా, దాని పేరు ఎక్కడా లేకపోయినా, నిషేధం కిందికే వస్తుంది. ఇంటెలెక్సా కూటమి సంస్థలు గ్రీస్, ఐర్లండ్, హంగరీ, ఉత్తర మాసిడోనియాల్లో వేర్వేరు పేర్లతో నమోదై ఉన్నాయంటే, ఈ నియమం ఎందుకు అవసరమైందో మీకే అర్థమవుతుంది. పాత్రికేయుల ఫోన్లలోకి దొంగచాటుగా చొరబడే వ్యాపారం కొత్త పేరు పెట్టుకుని సాగిపోకూడదన్నది న్యాయమైన ఉద్దేశమేనని నా నిశ్చితాభిప్రాయం.

నాకు తెలియదన్న వాదన సివిల్ జరిమానా నుంచి మిమ్మల్ని కాపాడదు. తెలిసి, ఉద్దేశపూర్వకంగా ఉల్లంఘిస్తే 20 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల డాలర్ల వరకు జరిమానా విధించవచ్చు. 2024 ఏప్రిల్‌లో ఇలాంటి ఉల్లంఘనలపై చర్య తీసుకోవడానికి ఉన్న కాలపరిమితిని 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెంచారు కనుక, చిన్న పనే కదా, మరుగున పడిపోతుందని అనుకోవద్దు.

ఇక మీ చేతిలో ఉన్న సొమ్ము విషయం. తిరిగి పంపేయడమే నిజాయితీ అని ఎవరికైనా తోస్తుంది. కానీ ఆ సంస్థ ఎస్‌డీఎన్ నిషేధం కిందికి వచ్చేదైతే, ఓఫాక్ అనుమతి లేకుండా సొమ్ము వెనక్కి పంపడం మరో ఉల్లంఘన అవుతుంది. అలాంటి సొమ్మును ప్రత్యేక ఖాతాలో నిలిపి ఉంచి, 10 పనిదినాల లోపు ఓఫాక్‌కు నివేదించాలి. అందువల్ల ఇప్పుడే పని ఆపి, ఆ సొమ్మును ముట్టకుండా, ఉత్తరప్రత్యుత్తరాలన్నీ భద్రపరచి, సంస్థ యాజమాన్య వాటాల వివరాలను రాతపూర్వకంగా అడగండి. వారు చెప్పకుండా దాటవేస్తే ఒప్పందం వదులుకోండి. ఓఫాక్ వెబ్‌సైటులో పేర్లు వెతకడానికి రుసుము లేదు. పేర్లు చేరుతూ, తొలగుతూ ఉంటాయి కనుక సంతకం చేసే రోజున మళ్లీ చూడాలి. ఉల్లంఘన జరిగిందని తేలితే, అధికారులు కనుగొనకముందే స్వచ్ఛందంగా వెల్లడించినవారికి జరిమానా లెక్కకు ఆధారమయ్యే మొత్తం సాధారణంగా సగానికి తగ్గుతుంది. ఆ వెల్లడి పత్రాన్ని మాత్రం మీరే రాసి పంపకుండా, ఆంక్షల చట్టంలో అనుభవమున్న అమెరికా న్యాయవాది చేత రాయించండి.