తేలిక మాగ్నమ్ రైఫిల్ (మందు ఎక్కువ పట్టే శక్తిమంతమైన తూటాలు కాల్చేది) భుజాన్ని తక్కువ తంతుందా?

లేదు, అదే తూటాకు రైఫిల్ ఎంత తేలికైతే అంత గట్టిగా తంతుంది. తూటా, తుపాకీ మందు కాలి పుట్టే వాయువులు ముందుకు తీసుకెళ్లే ఊపు రైఫిల్‌కు వెనక్కి అంతే వస్తుంది. బరువు తగ్గితే అది ఎక్కువ వేగంగా భుజం మీదికొస్తుంది. ఉదాహరణకు .300 విన్‌చెస్టర్ మాగ్నమ్‌ అనే తూటా రకంలో ఒకే తూటాతో, 4 కిలోల రైఫిల్ కంటే 3 కిలోల దాని తన్ను శక్తి దాదాపు మూడో వంతు ఎక్కువ. కడప, అనంతపురం నుంచి అమెరికా వెళ్లి ఎల్క్ (పెద్ద జింక) వేట మొదలుపెట్టేవాళ్లు (మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం) మోయడానికి సుఖమని తేలికది చూస్తారు. కొండలెక్కాలంటే సరే, కాల్చేటప్పుడు మాత్రం కాదు.

దెబ్బ తప్పుతుందని బట్‌ను (రైఫిల్ వెనక చివరను) భుజానికి ఎడంగా పట్టుకోవడం పెద్ద పొరపాటు. ఆ సందులోనే వేగంగా వచ్చి గుద్దుతుంది. గట్టిగా ఆనించాలి. బట్‌కు రబ్బరు ప్యాడ్ మేలు. మజిల్ బ్రేక్ (గొట్టం మూతి దగ్గర వాయువులను పక్కలకు మళ్లించే పరికరం) తన్నును ఇంకా తగ్గిస్తుంది గానీ మోత ఎక్కువ, చెవులకు రక్షణ లేకుండా వద్దు.