మీ ప్రశ్నలు, మా జవాబులు: తుపాకీ లోపల

ప్రశ్న: కొన్ని రైఫిళ్లలో కాల్చిన ప్రతిసారీ బోల్ట్ లాగాలి. కొన్నింట్లో ట్రిగ్గర్ నొక్కుతూ పోతే చాలు. లోపల తేడా ఏమిటి?

జవాబు: జరిగే పని ఒకటే. పేలాక, గొట్టం (బ్యారెల్) వెనక భాగాన్ని మూసి ఉంచే బోల్ట్ తాళం విడాలి, తూటా ఖాళీ తొడుగు బయటపడాలి, కొత్త తూటా ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక కొసన తూటా కూర్చునే గదిలోకి వెళ్లాలి, మళ్లీ తాళం పడాలి. అందుకు బలం ఎక్కణ్నుంచి వస్తుందన్నదే తేడా.

బోల్ట్ యాక్షన్‌లో ఆ బలం చేతిది. 1898 నాటి జర్మన్ రైఫిల్ మౌజర్‌నే చూడండి. పిడి పైకెత్తితే బోల్ట్ 90 డిగ్రీలు తిరిగి, దాని ముందున్న రెండు లగ్గులు (తాళం వేసే బొడిపెలు) గాడుల్లోంచి విడతాయి. వెనక్కి లాగితే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం తొడుగు అంచు పట్టుకుని లాక్కొస్తుంది. చివర్లో ఎజెక్టర్ అనే అడ్డు తగిలి తొడుగు పక్కకి ఎగిరిపడుతుంది. సగమే లాగి తోసేస్తే ఎజెక్టర్ దాకా రాని ఆ ఖాళీ తొడుగే తిరిగి లోపలికి పోతుంది.

కలాష్నికోవ్‌లో ఆ బలం గ్యాస్‌ది. మందు కాలినప్పుడు పుట్టే గ్యాస్‌లో కొంత బ్యారెల్ పైనున్న రంధ్రం గుండా వచ్చి పిస్టన్‌ని వెనక్కి తోస్తుంది. పిస్టన్‌తో పాటు కదిలే, బోల్ట్‌ని మోసే క్యారియర్ కొంత దూరం ఊరికే జరిగాకే బోల్ట్‌ని తిప్పుతుంది. అసలు కీలకం ఆ కాస్త ఆలస్యంలోనే ఉంది. ఈలోగా బుల్లెట్ బ్యారెల్ దాటిపోతుంది, పీడనం పడిపోతుంది. ముందే తెరుచుకుంటే, పీడనానికి ఉబ్బి ఛాంబర్ గోడకి కరుచుకున్న తొడుగుని కొక్కెం బలవంతంగా లాగుతుంది. అంచు చిరుగుతుంది, లేదా తొడుగే పగులుతుంది.

చిన్న తూటాల పిస్టళ్లలో చాలావాటికి తాళమే ఉండదు. స్లైడ్ బరువు, స్ప్రింగ్ బిగువే ఆ ఆలస్యాన్ని ఇస్తాయి. అందుకే స్ప్రింగ్ సడలితే అశ్రద్ధ చెయ్యకూడదు.

ప్రశ్న: ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకుంది. వెంటనే బోల్ట్ తియ్యొచ్చా?

జవాబు: వద్దు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. గొట్టం మూతి సురక్షితమైన దిక్కుకే ఉంచి, కనీసం 30 సెకన్లు ఆగి తెరవండి. తరవాత ప్రైమర్ (తూటా అడుగున ఉండి మందుని అంటించే చిన్న మూత) మీది నొక్కు చూడండి. లోతుగా ఉంటే లోపం చాలావరకు తూటాది. పైపైన ఉంటే ప్రైమర్‌ని కొట్టే ఫైరింగ్ పిన్ స్ప్రింగ్ బలహీనపడి ఉండొచ్చు, లేదా పిన్ దారిలో గ్రీజు గడ్డకట్టి ఉండొచ్చు.

టిక్కుమనడం కన్నా ప్రమాదకరమైంది, శబ్దం మామూలుకంటే నీరసంగా రావడం. బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకొకటి పేలిస్తే బ్యారెల్ పగులుతుంది. కాల్చడం ఆపి, తూటాలన్నీ తీసేసి, ఛాంబర్ ఖాళీ అని చూసుకున్నాకే గొట్టంలో రాడ్ పెట్టి అడ్డేమైనా ఉందేమో పరీక్షించండి.