రసాయన నౌకా, రసాయనాల ట్యాంకరా?

సందేహం: విశాఖ రేవుకు ఎరువుల తయారీ కోసం ఫాస్ఫారిక్ ఆమ్లం తెచ్చే ఓడను ‘రసాయన నౌక’ అనవచ్చునా? అందులోని ట్యాంకులను గదులనాలా, అరలనాలా?

సమాధానం: రసాయనాలను మోసే నౌక అని విగ్రహవాక్యం చెప్పుకుంటే, నడిమి ‘మోసే’ అన్న మాట లోపించిన మధ్యమపదలోపి సమాసంగా అది చెల్లుతుంది. అయితే వ్యాకరణానికి చెల్లినదల్లా అర్థానికి సరిపోతుందని చెప్పలేము.  

సరుకును చెప్పే తీరు ‘హరవిలాసం’ కావ్యంలో శ్రీనాథుణ్ణి చూసి నేర్చుకోవాలి. ఆ కావ్యాన్ని అంకితం పొందిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి ఓడవ్యాపారాన్ని వర్ణిస్తూ కవి సింహళపు ఏనుగులను, హురుముంజి (హోర్ముజ్) గుర్రాలను, చీని పట్టును వరుసపెట్టి, నడుమ గోవ నుంచి ‘సంశుద్ధ సంకుమద ద్రవము’ దిగుమతి చేయించాడు. సంకుమదం అంటే జవ్వాది. రేవు పేరు, సరుకు పేరు చెప్పి ఊరుకోక, అది ద్రవమనీ, కల్తీ లేనిదనీ రెండు మాటల్లో తేల్చిన ఆ ‘సంశుద్ధ’ విశేషణం పద్యపాదం నింపడానికి వేసినదని నేననుకోను. ద్రవాన్ని ఓడలో తెచ్చే వర్తకుడి మొదటి బెంగ దాని శుద్ధిని గురించే కదా!

నేటి కెమికల్ ట్యాంకరు నిర్మాణమంతా ఆ బెంగ చుట్టూ, ప్రమాదభయం చుట్టూ తిరుగుతుంది. ఆమ్లాలకు స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులు, కొన్ని ఇతర ద్రవాలకు ఎపాక్సీ పూత, చాలా ఓడల్లో ట్యాంకుకొక పంపు, గొట్టం ఉంటాయి. కడిగినప్పుడు మునుపటి సరుకు చుక్కైనా నిలవకుండా, ట్యాంకుల నడుమ గోడలకు లోపల పట్టీలు బిగించక, రేకునే మడతలు మడతలుగా వంచుతారు. 1986 జులై 1 నుంచి నిర్మించిన ఓడలకు వర్తించే ఐబీసీ కోడ్ (ప్రమాదకర రసాయన ద్రవాలను మోసే ఓడల అంతర్జాతీయ నిబంధనావళి) ప్రకారం, అత్యంత ప్రమాదకర ద్రవాలను మోసే ఒకటో రకం ఓడలో ఏ ట్యాంకూ 1,250 ఘనపు మీటర్లు మించరాదు. రెండో రకంలో 3,000. వంటనూనెలను కూడా 2007 నుంచి ఈ కోవ ఓడల్లోనే తేవాలన్నారు. ఇది తెలియక రాసేవారు కనబడిన ప్రతి ట్యాంకరునూ ‘విషనౌక’ చేసేస్తున్నారు. పామాయిలు వాడే ఇంటివారు వింటే ఏమనుకుంటారు?

ఇక గది అనకండి. మనిషి మసలే చోటు స్ఫురిస్తుంది. అర మంచి మాట. పూర్వం శకటరేఫతో, అంటే బండి ఱతో, ‘అఱ’ అని రాసి, సగమనే ‘అర’ నుంచి వేరుచేసేవారు. ఆ బండి ఱను మనమే అటకెక్కించి, ఇప్పుడు అయోమయమని వాపోతున్నాం. అయితే ఒకదానితో ఒకటి కలిస్తే ముప్పు తెచ్చే సరుకుల మధ్య కాఫర్‌డ్యాం అని ఒక ఖాళీ జాగా వదలడం ఉంది. ట్యాంకును అర అంటే దీనికి మరో మాట వెతకాలి. కాబట్టి సరుకున్నదాన్ని ట్యాంకు అనీ, ఖాళీదాన్ని వట్టి అర అనీ రాస్తే మేలనుకుంటాను. కప్పలి, జోంగు వంటి పరదేశపు ఓడపేర్లను పద్యంలోకి ఎక్కించుకున్న శ్రీనాథుడికి ట్యాంకరు అనే మాటతో పేచీ ఉండేది కాదు. ‘రసాయనాల ట్యాంకరు’ అనండి. నౌకే కావాలని పట్టుబట్టేవారిని తప్పుపట్టను గానీ, నేను మాత్రం అలా రాయను.