బావమరిది ఇంటికొస్తే పిస్టల్ అమ్మేయాలా?

శ్రీనివాస్ గారూ, డల్లాస్‌లో మీ పేరు మీద పిస్టల్ ఉంది, ఫెలనీ (తీవ్ర నేరం) కేసులో జైలు శిక్ష ముగించుకున్న బావమరిది మీ ఇంట్లో ఉండబోతున్నాడు, అంతేగా? అమ్మక్కర్లేదు. తుపాకీ దగ్గర ఉండకూడదని ఫెడరల్ (అమెరికా కేంద్ర) చట్టం నిషేధించేది అతన్ని, మిమ్మల్ని కాదు.

చిక్కంతా ‘దగ్గర ఉండటం’ అన్న మాటలోనే ఉంది. తుపాకీ చేత్తో పట్టుకోకపోయినా, ఎక్కడుందో తెలిసి, కావాలంటే తీసుకోగలిగేలా ఉంటే అతని మీద కేసు పెట్టొచ్చు. 2022 నుంచి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. తెలిసే అతని చేతికిస్తే మీరూ ఇరుక్కుంటారు. కాబట్టి నంబర్ లాక్ సేఫ్ కొనండి, నంబర్ మీకొక్కరికే తెలియాలి. సేఫ్ కొని, తాళం ఫ్రిజ్ మీద పెట్టేవాళ్లని చూశాను! తూటాలు కూడా అందులోనే పెట్టండి, అవీ అతనికి నిషేధమే. పిస్టల్‌ని కారు డ్యాష్‌బోర్డులో వదిలేసే అలవాటుంటే మానేయండి.

టెక్సాస్‌లో శిక్ష ముగిసి ఐదేళ్లు దాటితే అతను ఇంట్లో తుపాకీ ఉంచుకోవచ్చని ఎవరో చెప్పారన్నారు. అది రాష్ట్ర చట్టం, ఫెడరల్ నిషేధం అలాగే ఉంటుంది. అతనింకా పెరోల్‌లో (జైలు నుంచి వదిలాక షరతులతో కూడిన పర్యవేక్షణలో) ఉంటే మాత్రం ముందు ఆ పెరోల్ ఆఫీసర్‌ని అడగండి. ఆ ఇంట్లో తుపాకీయే ఉండకూడదనే షరతు ఉండొచ్చు. అప్పుడు వేరేచోట పెట్టడమే నయం.