మీ అమ్మ మోకాళ్ళు, వెనిస్ వంతెనలు

చి. కార్తీక్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు బొటిక్ హోటళ్ళూ కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చూశాను. గోడలకి పట్టు, పైన మురానో గాజు దీపాలు, కిటికీ కింద గొండోలా. ఒకదాన్ని మించి ఒకటి. షష్టిపూర్తి అయ్యాక ఇద్దర్నీ వెనిస్ తీసుకెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. అందులో ఇరవై నిమిషాలు "ఎందుకక్కా ఇంత ఖర్చు" అని, మిగతా పది నిమిషాలు అక్కడికి ఏ చీరలు పెట్టుకోవాలని.

మూడింట్లో ఏది తీసుకోమంటావు పెద్దమ్మా అని అడిగావు. ఇప్పుడే చెప్పలేను. పడవ దిగిన చోటి నుంచి మంచం దాకా మీ అమ్మ ఎన్ని మెట్లు ఎక్కి దిగాలో ఆ ఫోటోల్లో ఎక్కడా లేదు. నాకు ముందు కావలసింది అదే.

సికింద్రాబాద్‌లో ట్రావెల్ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు కూర్చుని ఊరందరికీ హోటళ్ళు బుక్ చేసినదాన్ని. అయినా నేనూ మీ పెదనాన్నా మొదటిసారి వెనిస్ వెళ్ళినప్పుడు ఫోటోలు చూసే బోల్తా పడ్డాం. హోటల్ పేరు ఎందుకులే. పాతకాలపు భవంతి, పదిహేను గదులు, "స్టేషన్ నుంచి నడక దూరం, కెనాల్ వ్యూ" అని రాసుంది. నడక దూరమే. కానీ దారిలో నాలుగు వంతెనలు. ఒక్కోటీ పదిహేను ఇరవై మెట్లు ఎక్కి, మళ్ళీ అన్ని దిగాలి. చెరో ఇరవై మూడు కిలోల పెట్టె. మూడో వంతెన మీద మీ పెదనాన్న పెట్టె మీదే కూర్చుని "నువ్వు చూసి రా, నేనిక్కడే ఉంటా" అన్నారు. తీరా చేరాక లిఫ్టు రెండో అంతస్తు దాకానే. మా గది ఆ పైన, కప్పు దూలాల కింద. రాత్రి లేచినప్పుడల్లా ఆయన తల దూలానికి తగిలేది. కెనాల్ వ్యూ ఉందా అంటే ఉంది, కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగితే. నిలబడి చూస్తే మాత్రం చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో ఎదురింటి గోడ.

వెనిస్‌లో కారు పియాజ్జాలే రోమా దగ్గర ఆగిపోతుంది, రైలు శాంటా లూచియా స్టేషన్ దగ్గర. ఆ తర్వాత పడవ, లేదా మన కాళ్ళు. "గుమ్మం ముందు దించు బాబూ" అనడానికి ఆటో ఉండదు. 118 చిన్న దీవుల్ని నాలుగు వందలకు పైగా వంతెనలతో కలిపి కుట్టిన ఊరది. అయితే పెద్ద కాలువ, గ్రాండ్ కెనాల్ మీద మాత్రం వంతెనలు నాలుగే. మ్యాపులో కాలువ అవతల కళ్ళెదురుగా ఉన్న హోటల్‌కి చాలా దూరం చుట్టు తిరిగి పోవాల్సి రావచ్చు. అడ్రసు చూస్తే తెలుస్తుందా అంటే అదీ లేదు. ఊరు మొత్తం ఆరు పేటలు. ఇంటి నంబర్లు వీధి వీధికీ కాకుండా పేటంతా కలిపి వేలల్లో సాగుతాయి. అది ఏ మూలనో అక్కడి పోస్ట్‌మాన్‌కే తెలియాలి.

అందుకని ముందు హోటల్‌కి ఈమెయిల్ రాయి. దగ్గరి వాపొరెట్టో స్టాప్ ఏది, అక్కడి నుంచి మీ తలుపు దాకా ఎన్ని వంతెనలు అని అడుగు. వాపొరెట్టో అంటే అక్కడి సిటీ బస్సు, నీళ్ళ మీద నడిచేది. సున్నా అని జవాబొస్తే ఆ హోటల్ లిస్టులో ఉంచు. ఒకటైతే పర్వాలేదు. రెండు వచ్చిందా, ఎన్ని పట్టుపరదాలున్నా వదిలెయ్. రోజుకి రెండుసార్లు బయటికి వెళ్ళొస్తే ఆ రెండు వంతెనలే ఎనిమిదవుతాయి.

కాలువ వైపు సొంత రేవు ఉందా అనీ అడుగు. అది ఉంటే మార్కో పోలో ఎయిర్‌పోర్టు దగ్గర వాటర్ ట్యాక్సీ ఎక్కి నేరుగా హోటల్ గుమ్మంలో దిగొచ్చు. ఖరీదే, 130 యూరోలు దాటుతుంది. చౌకగా పోవడానికి అలిలగూనా పడవలున్నాయి కానీ చాలాసేపు పడుతుంది, దిగాక పెట్టెలు మనవే. మామూలుగా అయితే నేనే ట్యాక్సీ వద్దనేదాన్ని. రాత్రంతా విమానంలో కూర్చుని కాళ్ళు వాచి వచ్చే మీ అమ్మ కోసం ఆ ఒక్కరోజు పిసినారితనం చెయ్యకు. మీ నాన్న కూడా రెండోసారి పెళ్ళికొడుకైన దర్జాతో దిగుతారు.

ఇక గది సంగతి. బొటిక్ అంటే హైదరాబాద్‌లో మనకి జాకెట్లు కుట్టే చోటు. నవ్వకు, ఆ పోలిక ఇక్కడా పనికొస్తుంది. పెద్ద చైన్ హోటల్ రెడీమేడ్ బట్ట లాంటిది, 214 అయినా 314 అయినా అదే గది. బొటిక్ హోటల్లో ఏ రెండు గదులూ ఒకలా ఉండవు. వెనిస్‌లో మరీను, ఎందుకంటే అవి చాలావరకు హోటల్ కోసం కట్టినవి కావు, పాత వర్తకుల ఇళ్ళు. నీటి మట్టాన సరుకు దించుకునే అంతస్తు. దానిపైన పియానో నోబిలె, అంటే యజమాని కొలువుండే అంతస్తు, ఎత్తైన కప్పు, పొడవాటి కిటికీలు. నడుమ ఇరికించిన పొట్టి అంతస్తులూ, అటక కింది గదులూ గుమాస్తాలకీ పనివాళ్ళకీ. వ్యాపారం పోయినా ఆ తేడా గోడల్లోనే మిగిలిపోయింది. వెబ్‌సైట్‌లో ముందు కనిపించే ఫోటో పియానో నోబిలె గదిది. తక్కువ ధరకి వచ్చే "క్లాసిక్ రూమ్" చాలాసార్లు గుమాస్తా గది.

కాబట్టి హోటల్ బుక్ చేశానని ఊరుకోకు, గది నంబరు అడిగి మెయిల్లో రాయించుకో. ఏ అంతస్తు, ఎన్ని చదరపు మీటర్లు, లిఫ్టు దిగాక కూడా మెట్లున్నాయా, ఇవన్నీ ఆ గది గురించే అడగాలి. పాత కట్టడాలు కదా, తోచినట్టు పగలగొట్టి లిఫ్టు పెట్టనివ్వరు. లిఫ్టు ఉందని రాసిన చోట కూడా చివర్లో నాలుగు మెట్లు నీ కోసం కాచుకుని ఉంటాయి. 14 చదరపు మీటర్లంటే మన లెక్కలో 150 చదరపు అడుగులు. రెండు పెట్టెలు తెరిస్తే మంచం మీంచి దూకి బాత్‌రూమ్‌కి పోవాలి. 20కి తగ్గకుండా చూడు. బాత్‌రూమ్‌లో టబ్బు వద్దు, నేలమట్టంగా ఉండే షవర్ కావాలని చెప్పు. తడి కాళ్ళతో టబ్బు అంచు దాటడం మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళ పని కాదు. అన్నట్టు బిడే ఉంటుంది, అంటే టాయిలెట్ పక్కన నీళ్ళతో కడుక్కోడానికి పెట్టే తొట్టి. ఇటలీలో ఇళ్ళకి అది ఉండి తీరాలని 1975లోనే నియమం పెట్టారు. ఆ ఒక్క విషయంలో యూరప్‌లో చాలా ఊళ్ళకంటే మీ అమ్మానాన్నలకి ఇక్కడే సుఖం.

కెనాల్ వ్యూ అన్నవాళ్ళని కాలువ పేరేమిటని అడుగు. అక్కడివాళ్ళు కెనాల్ అని పిలిచేవి రెండు మూడు పెద్ద కాలువలనే, మిగతా సందు కాలువలన్నీ "రియో"లు. రియో తప్పని కాదు, కొన్ని ఎంతో ముచ్చటగా ఉంటాయి. కాకపోతే దానికి గ్రాండ్ కెనాల్ ధర కట్టకు. పొద్దున్నే చెత్త పడవలూ సరుకు పడవలూ మోటార్లు కొట్టుకుంటూ కిటికీ కిందనుంచే పోతాయి. మీ నాన్నకి నిద్ర పల్చన కాబట్టి లోపలి తోట వైపు గది నయం. కాలువని పగలంతా చూడొచ్చు.

ఐదు నక్షత్రాలే ఉండాలని పట్టుబట్టావు. నక్షత్రాలు ఇచ్చేది సౌకర్యాల లెక్కని బట్టి. పన్నెండు గదుల హోటల్లో రెస్టారెంట్, స్పా లేక నాలుగు దగ్గరే ఆగిపోవచ్చు. గది మాత్రం ఐదు నక్షత్రాల దాన్ని తలదన్నేలా ఉంటుంది. బొటిక్ అనే మాటకైతే కొలతే లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు.

పేటల్లో నా ఓటు డోర్సోదూరోకి, అందులోనూ జాత్తెరె వైపుకి. ఎదురుగా విశాలమైన జుదెక్కా కాలువ, ఎండ తగిలే పొడవాటి నీటి గట్టు, కూర్చోడానికి బెంచీలు. అకాడెమియా చిత్రశాల దగ్గరే. లేదా కన్నారెజ్జోలో కా దోరో స్టాప్ పక్కన. స్ట్రాడా నోవా వీధి వెడల్పుగా ఉంటుంది, 1516లో మొదలైన పాత యూదుల గెట్టో ఆ పేటలోనే. శాన్ మార్కో చూడ్డానికి బాగుంటుంది, పడుకోడానికి కాదు. జుదెక్కా దీవిలో గొప్ప హోటళ్ళున్నాయి, కానీ ప్రతి పనికీ పడవ కోసం ఎదురుచూడటం మీ అమ్మకి విసుగు. దీవుల బయట, నేల మీదున్న మెస్త్రెలో సగం ధరకి వస్తుందని ఎవరైనా చెబితే వినకు. పగటి జనం వెళ్ళిపోయాక సాయంత్రం, మళ్ళీ వాళ్ళు రాకముందు తెల్లవారుజామున, ఊరు ఆ రెండు పూటలే మనది. దానికే నువ్వు డబ్బు పెడుతున్నావు.

దీపావళి తర్వాత వెళ్తున్నారు కాబట్టి ఆక్వా ఆల్తా గురించి చెప్పాలి, అంటే సముద్రం పోటుకి ఊళ్ళోకి నీళ్ళు రావడం. 2019 నవంబరులో పోటు కొలగుర్తు మీద 187 సెంటీమీటర్లకి చేరింది, వీధిలో నీటి లోతు కాదు అది. మరుసటి ఏడు నుంచి మోసె అనే గేట్లు లేపి సముద్రాన్ని ఆపుతున్నారు, భయపడాల్సింది లేదు. కానీ ఆ గేట్లు లేపేది పోటు 110 సెంటీమీటర్ల దాకా రావచ్చని అంచనా ఉన్నప్పుడు. శాన్ మార్కో చౌక్ బాగా పల్లం, అంతకు ముందే తడుస్తుంది. కింది అంతస్తు గది ఎంత చవకైనా వద్దు. ఆ నెలలో మంచి సంగతేమిటంటే దోమలుండవు, ధర తగ్గుతుంది. బియెన్నాలే అనే పెద్ద కళా ప్రదర్శన చివరి వారాల్లో పడితే మాత్రం మళ్ళీ పెరుగుతుంది, తేదీలు చూసుకో.

మీ అమ్మ కార్తీక సోమవారం ఉపవాసం అక్కడా మానదు. ఒక విధంగా అదృష్టవంతురాలు, ఆ రోజుల్లో అక్కడ ఐదు కాకముందే పొద్దు గూకుతుంది. గదిలో కెటిల్ ఉంటుందా, లేకపోతే పెడతారా అని ముందే అడుగు, ఇటలీలో అది ఉండి తీరుతుందని లేదు. టిఫిన్ అంటే వాళ్ళకి తీపి రొట్టె, కాఫీ. వేడిగా ఏమైనా, గుడ్డు లేకుండా చేసిపెడతారా అన్నది కూడా రాయించుకో. పదిహేను గదుల హోటల్లో ఇలాంటివి అడిగితే విసుక్కోరు. విసుక్కుంటూ జవాబిస్తే అదీ మనకి పనికొచ్చే జవాబే.

డబ్బు దగ్గర తొందరపడకు. షెంజెన్ వీసాకి హోటల్ బుకింగ్ చూపించాలి, కాబట్టి ఉచితంగా రద్దు చేసుకునే రేటే తీసుకో, పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. వీసా స్టాంపు పడ్డాక కావాలంటే చవక రేటుకి మార్చుకోవచ్చు. మనిషికి రాత్రికి ఇంత అని ఊరి పన్ను హోటల్లో విడిగా కట్టించుకుంటారు, మొదటి ఐదు రాత్రులకే. కార్డు మెషిన్ రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే వద్దు, యూరోలే నొక్కు.

రివ్యూల్లో నవంబరులో ఉన్నవాళ్ళు రాసినవి వెతికి చదువు. "లిఫ్ట్", "స్టెప్స్" అని కొట్టి చూడు, అసలు కథ అక్కడ బయటపడుతుంది.

నువ్వు పంపినవాటిలో రెండోదాని మీద నాకు అనుమానంగా ఉంది. ఇరవై ఎనిమిది ఫోటోలు పెట్టారు, ఒక్కదాంట్లోనూ లిఫ్టు కనిపించలేదు. ముందు వాళ్ళకే రాయి. జవాబు రాగానే నాకు పంపు.

పెద్దమ్మ